కొత్త ఫ్రేమ్‌వర్క్ రాస్తున్న అబ్బాయికి

చిరంజీవి నాన్నా,

పిన్ని ఆశీస్సులు. వెబ్‌సైట్లు కట్టడానికి పునాదిగా వాడే ఫ్రేమ్‌వర్క్ ఒకటి రాస్తున్నావుగా, నువ్వు పంపిన దాని కోడ్ రెండు రాత్రులు కూర్చుని చదివాను. ఏ లింకు నొక్కితే ఏ పేజీ రావాలో చూసే రౌటింగ్ ముచ్చటగా రాశావు. పది లైన్లకే ఓ పేజీ తెర మీదికి వచ్చేస్తుంటే ఈ వయసులో నాకూ సరదా వేసింది. "ఇంకా ఏ ఫీచర్లు పెట్టమంటావు పిన్నీ?" అని అడిగావు. ఫీచర్ల సంగతి తర్వాత, ముందు దీనితో ఎవరెవరికి పని పడుతుందో చూడు.

నీ మనసులో ఉన్న మనిషి ఒక్కడే. కొత్త ప్రాజెక్టు మొదలుపెడుతున్న డెవలపర్. వాడికేం కావాలో నీకు బాగా తెలుసు, ఎందుకంటే వాడు నువ్వే. అందులో తప్పేం లేదు. రూబీ ఆన్ రైల్స్ అనే ఫ్రేమ్‌వర్క్‌ని డేవిడ్ హైనమీయర్ హాన్సన్ 2004లో బేస్‌క్యాంప్ అనే అప్లికేషన్‌లోంచి విడదీసి బయటపెట్టాడు. 2005లో వచ్చిన జాంగో అనే ఫ్రేమ్‌వర్క్ అమెరికాలోని కాన్సాస్‌లో ఓ దినపత్రిక వెబ్‌సైట్ పనుల్లోంచి పుట్టింది. అంటే రెండూ ముందు చాకిరీ చేసి, ఆ తర్వాత పేరు పెట్టించుకున్నాయి. నీది ఇంకా డెమో దాటలేదు. కాబట్టి ఇంకొకరికి నిజంగా అవసరమైన సైటు ఒకటి దీంతో కట్టు. నీ సొంత బ్లాగు లెక్కలోకి రాదు.

నాకు ఎక్కువ బెంగ, సైటు కట్టిన మూడో ఏట దాన్ని చూసుకోవడానికి వచ్చే మనిషి గురించి. నీ ఫ్రేమ్‌వర్క్‌ని వాడు ఎంచుకోలేదు, వాడి నెత్తిన పడింది. రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారు. ఒకసారి నాకూ అలాంటి సైటే అప్పగించారు. అందులో ఫ్రేమ్‌వర్క్ ఫైలు పేరు చూసి, ఏది దేనికి కలపాలో తనే ఊహించుకునేది. ఎవరో ఓ ఫైలు పేరు మార్చారు. ఫారం తెరుచుకుంటోంది, బటన్ పనిచేస్తోంది, డేటా మాత్రం సేవ్ కావడం లేదు. ఎర్రర్ కూడా లేదు. నాలుగు రోజులు పట్టింది నాకు. నీ కోడ్‌లోనూ అలాంటి ఊహలు మూడు చోట్ల కనిపించాయి. వాటిని తీసెయ్యమనను, రాసేవాడికి అవి హాయిగానే ఉంటాయి. కానీ ఊహ తప్పినప్పుడు నోరు విప్పాలి: ఏ ఫైలు, ఏ లైను, ఏం ఉంటుందనుకున్నాను, ఏం దొరికింది. కొత్త ఫీచర్ కన్నా ముందు ఈ నాలుగూ చెప్పే ఎర్రర్ మెసేజ్ రాయి.

వాడి రెండో భయం అప్‌గ్రేడ్. 2016లో యాంగులర్ 2 అనే ఫ్రేమ్‌వర్క్ వచ్చినప్పుడు పాత యాంగులర్‌జేఎస్ కోడ్ అందులో ఉన్నదున్నట్టు నడవలేదు. మారడానికి దారి చూపించారు గానీ, చాలా టీములకు అది దాదాపు మళ్లీ రాసుకున్నంత పనైంది. పాతదానికి సపోర్ట్ 2021 చివరిదాకా ఇచ్చారు కాబట్టి ఊపిరి పీల్చుకున్నారు. జాంగో అయితే కొన్ని వెర్షన్లను ఎల్‌టీఎస్, అంటే ఎక్కువకాలం సపోర్ట్ ఉండేవి అని ముందే ప్రకటించి, మామూలుగా మూడేళ్లు సెక్యూరిటీ ప్యాచ్‌లు, అంటే భద్రతా లోపాలు దిద్దే సవరణలు ఇస్తుంది. సపోర్ట్ ఎప్పటిదాకా ఉంటుందనే ఆ తారీఖే మేనేజర్లకు కావాలి. నీ రౌటింగ్ అందం వాళ్లకు అక్కర్లేదు. ఇది తెలిసినవాళ్లు ఉద్యోగానికి దొరుకుతారా, రేపు నువ్వు మానేస్తే ఎవరు చూస్తారు, లైసెన్స్ ఏమిటి, ఇవే అడుగుతారు. లైసెన్స్‌ని తేలిగ్గా తీసుకోకు. 2017లో ఫేస్‌బుక్ తయారుచేసిన రియాక్ట్ అనే వెబ్ లైబ్రరీతో పాటు వచ్చే పేటెంట్ల షరతు నచ్చక, అపాచీ ఫౌండేషన్ అనే ఓపెన్ సోర్స్ సంస్థ తన ప్రాజెక్టుల్లో దాన్ని వాడొద్దంది. ఆ సెప్టెంబరులో ఫేస్‌బుక్ దాన్ని, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్స్‌కి మార్చాల్సి వచ్చింది. నువ్వు మొదటిరోజే ఎంఐటీ పెట్టేసెయ్, గొడవ ఉండదు.

సర్వర్లు చూసుకునేవాళ్లు కోరేది చిన్నదే. 2017లో అమెరికాలో జనం అప్పుల రికార్డులు ఉంచే ఈక్విఫ్యాక్స్ కంపెనీ నుంచి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు బయటికి పోయింది అపాచీ స్ట్రట్స్ ఫ్రేమ్‌వర్క్‌లోని లోపం వల్ల. దాని ప్యాచ్ మార్చిలోనే వచ్చింది, వాళ్లు వేసుకోలేదు. తప్పు వాళ్లదే, కాదనను. కానీ ప్యాచ్‌లో రెండు కొత్త ఫీచర్లు కలిపి పంపితే ఏ టీమూ ఆ రాత్రికి రాత్రే వేసుకునే ధైర్యం చెయ్యదు. సెక్యూరిటీ ప్యాచ్‌లో సెక్యూరిటీ తప్ప ఇంకేమీ పెట్టకు.

ఇక, నీ ఫ్రేమ్‌వర్క్ పేరు కూడా ఎన్నడూ వినని మనిషి. సైటు తెరిచేవాడు. పేజీలోని ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనబడాలని గూగుల్ కొలత పెట్టుకుంది. నీ డెమో నీ లాప్‌టాప్‌లో ఎగిరిపోతోంది, నా పాత ఫోన్‌లో తెల్లతెర చూస్తూ కూర్చున్నాను. తర్వాత, తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆన్ చేశాను. లింకు నొక్కితే పేజీ మారింది, కానీ స్క్రీన్ రీడర్ ఒక్క ముక్క మాట్లాడలేదు. టైటిల్ మారలేదు, ఫోకస్, అంటే రీడర్ ఇప్పుడు ఎక్కడుందో ఆ గుర్తు, పాత చోటే ఉండిపోయింది. కళ్లు కనిపించనివాళ్లకు అసలేమీ జరగనట్టే. నేను ముచ్చటపడిన రౌటింగ్ చేసిన పనే ఇది. ఇలాంటిది ఫ్రేమ్‌వర్క్‌లో ఒక్కచోట దిద్దితే దానిమీద కట్టిన సైట్లన్నీ బాగుపడతాయి. నువ్వు వదిలేస్తే ప్రతి డెవలపరూ దిద్దుకోవాలి, దిద్దుకోరు.

వీళ్లందరినీ ఒకేసారి మెప్పించలేవురా. కొత్త డెవలపర్ నెలకో మార్పు అడుగుతాడు, మూడో ఏటివాడు ఏదీ కదపొద్దంటాడు. నేనైతే రెండోవాడి పక్షం. నువ్వు ఎటైనా ఉండు, కోడ్‌తో పాటు ఇచ్చే పరిచయ పత్రం రీడ్‌మీ మొదటి పేరాలోనే "ఇది ఫలానావాళ్లకు పనికిరాదు" అని రాసెయ్.

అన్నట్టు, కొత్త వెర్షన్ పబ్లిష్ చేసే హక్కు నీ ఒక్కడి దగ్గరే పెట్టుకోకు. నమ్మకమైన ఇంకొకరికి కూడా ఇవ్వు. నీకూ జ్వరాలు వస్తాయి, పెళ్లవుతుంది, విసుగు పుడుతుంది.

ముందు ఆ ఫోకస్ సంగతి సరిచేసి పంపు. ఈసారి పాత ఫోన్‌లోనే మొదలుపెడతాను.

మీ పిన్ని