చిన్న కారు బ్యాటరీ పదే పదే దిగిపోతుంటే

రోజూ రెండు మూడు కిలోమీటర్లకు మించి తిరగని మీ చిన్న కారులో, కొత్త బ్యాటరీ వేయించిన ఆరు నెలలకే ఉదయం పూట స్టార్టరు మూలుగుతోందని రాశారు. నా అంచనాలో తప్పు బ్యాటరీది కాదు, ప్రయాణాల నిడివిది. స్టార్టు చేసినప్పుడు ఖర్చయిన ఛార్జిని ఆల్టర్నేటరు (ఇంజను తిరుగుతుండగా కరెంటు తయారుచేసే పరికరం) తిరిగి నింపేలోపే మీరు ఇంజను ఆపేస్తున్నారు. పైగా హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాను, వెనుక అద్దం హీటరు కలిసి ఆల్టర్నేటరు తయారుచేసే కరెంటులో పెద్ద వాటాను తినేస్తాయి.

ముందుగా, రాత్రంతా ఆగి ఉన్న కారు బానెట్ ఎత్తి, బ్యాటరీని మల్టీమీటరుతో కొలవండి. సుమారు 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2కు దిగితే సగమే మిగిలినట్టు. ఇంజను నడుస్తుండగా 14 వోల్టుల చుట్టుపక్కల ఉంటే ఆల్టర్నేటరును అనుమానించనక్కరలేదు.

వారానికొకసారి కారును ముప్పావు గంట ఆపకుండా నడపండి, కుదరకపోతే ఆటోమేటిక్ ఛార్జరును రాత్రంతా తగిలించి ఉంచండి. నడపడమే మేలంటాను, ఎందుకంటే ఇంజను బాగా వేడెక్కితే ఆయిల్లో చేరిన తేమ కూడా ఆవిరైపోతుంది. ఆయిల్ మూత విప్పినప్పుడు అడుగున మీగడలాంటి తెల్లటి జిగురు కనిపించినా, కూలెంటు (ఇంజనును చల్లబరిచే ద్రవం) తగ్గకుండా ఉన్నంతవరకు, దాన్ని ఆయిల్లోకి కారకుండా ఆపే గాస్కెట్ పోయిందని కంగారు పడకండి. అది చాలావరకు పొట్టి ప్రయాణాల గుర్తే.

ఇంత చేసినా మర్నాటికే వోల్టేజీ పడిపోతుంటే, తాళం వేశాక కూడా ఏదో పరికరం కరెంటు లాగుతోందన్నమాట. ఆగి ఉన్న కారులో ఆ వాడకం 50 మిల్లీ ఆంపియర్లు దాటుతోందేమో ఆటో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.