ముక్కోణం గుర్తు కాదు, బిల్లు చూడండి

రీసైకిల్ కాని ప్యాకింగ్ ఇంట్లోకి రాకుండా ఎలా అని అడిగారు. పరాయి దేశం వచ్చీ రాగానే ఈ దిగులు పట్టుకుందంటే మెచ్చుకోవాల్సిందే. మా రోజుల్లో అద్దె దిగులు తప్ప ఇంకోటి ఉండేది కాదు.

కొత్తలో నేను ముక్కోణం బాణాల గుర్తు కనిపిస్తే చాలు, రీసైక్లింగ్ డబ్బాలో పడేసేవాణ్ణి. చిప్స్ ప్యాకెట్లు, కాఫీ కప్పులు, మైక్రోవేవ్ భోజనాల నల్ల ట్రేలు, అన్నీ ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి మరీ. ఓ వారం బండి వాళ్లు డబ్బా ఎత్తకుండా మూతకి చీటీ అంటించి పోయారు. దాన్ని మళ్లీ తీయించిన ఖర్చు అపార్ట్‌మెంట్ వాళ్లు నా అద్దెలో కలిపారు. డబ్బు పోతే గానీ మనకి చదవబుద్ధి కాదు కదా!

1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ తెచ్చిన ఆ ముక్కోణం లోపలి 1 నుంచి 7 అంకెలు అది ఏ రకం ప్లాస్టికో చెబుతాయి, అంతే. రీసైకిల్ చేస్తామన్న హామీ కాదు. 1, 2 నంబర్ల సీసాలు చాలా చోట్ల తీసుకుంటారు. 3, 6, 7 మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. నల్ల ట్రేలో ఉండే కార్బన్ రంగు వల్ల, రకాలు వేరు చేసే మెషిన్లు చాలావరకు దాన్ని గుర్తుపట్టలేవు. పేపర్ కప్పుకి లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. చిప్స్ ప్యాకెట్‌ని గుప్పిట్లో నలిపి వదలండి: మళ్లీ విచ్చుకుంటే అది లోహపు పూత పూసిన ప్లాస్టిక్, మామూలు చెత్తలోకే. మీ దగ్గర ఏవి తీసుకుంటారో మున్సిపాలిటీ సైట్లో ఉంటుంది, చూసుకోండి.

అంటే జాగ్రత్తంతా కొనేటప్పుడే పడాలి. ఇప్పటి పిల్లలు ముందుగా చేసే పని, జీరో వేస్ట్ అంటూ గాజు డబ్బాల సెట్టు ఆర్డర్ పెట్టడం. శుద్ధ దండగ. ఖాళీ అయిన జామ్ సీసా కడిగితే అదే డబ్బా. షెల్ఫ్ మీద ధర కింద చిన్న అక్షరాల్లో కేజీకి ఎంతో చాలా చోట్ల రాస్తారు, అది చదవండి. ఒక్కరు ఒక్కపూట తినే బుల్లి ప్యాకెట్లకి సరుకు కన్నా కవరుకే ఎక్కువ కడుతున్నామని తెలుస్తుంది. నేను పెద్ద ప్యాకెట్లకి మారాక ఇంట్లో చెత్త, బిల్లు రెండూ తగ్గాయి. మా ఆవిడని అడగండి, లెక్కలు చూపిస్తుంది. అలాగని పాడైపోయేవి పెద్దవి కొని పారబోస్తే రెండు రకాలా నష్టమే. విడిగా తూచి ఇచ్చేవన్నీ చవకనుకోకండి, అక్కడా కేజీ ధర చూడాల్సిందే.

‘కంపోస్ట్ అవుతుంది’ అని రాసిన కప్పులకి అదనంగా ఇవ్వకండి. అలాంటి ప్లాస్టిక్ చాలావరకు దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండే పెద్ద ప్లాంట్లలోనే కుళ్లుతుంది. మీ దగ్గర ఆ ఏర్పాటు లేకపోతే అదీ చెత్తే.

డబ్బాలో వేసేవి మూటగట్టకుండా విడిగా వెయ్యండి. జిడ్డు పోయేలా కడగండి, గిన్నెలు తోమాక మిగిలిన నీళ్లు చాలు. వేడినీళ్లు మాత్రం తిప్పకండి, ఆ బిల్లు కూడా మీదే.