నురగ చూసి సబ్బు వెయ్యద్దు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

తిరుపతి బైరాగిపట్టెడ రూములో మీరుండేది ముగ్గురే అయినా, గిన్నెలు తోమే లిక్విడు సీసా పది రోజులకే ఐపోతోందని మీ అమ్మ చెప్పింది. అంత వాడినా కూర దబర జిడ్డుగానే ఉంటోందంట. సబ్బు పని కాని పనిని సబ్బుతో చేయిస్తా ఉంటే అట్లే అవుతుంది నాయనా.

సబ్బు చేసేది జిడ్డును పట్టుకొని నీళ్ళలోకి లాగడం, అంతే. అడుగంటిన సంగటిని ఊడబెరకడం దాని చేత కాదు. సంగటి గిన్నె ఖాళీ అయిన వెంటనే నిండా నీళ్ళు పోసి అరగంట వదిలేయండి, సబ్బు చుక్క కూడా వద్దు. తర్వాత కట్టె గరిటెతో గీకితే పొరలు పొరలుగా లేస్తుంది. పాలగిన్నె, గుడ్డు చేసిన పెనం అయితే మొదట చన్నీళ్ళే పోయాలి. వేడినీళ్ళు పోస్తే పాల విరుగు, గుడ్డు సొన గట్టిపడి ఇంకా అతుక్కుంటాయి. నెయ్యి, కోడికూర కొవ్వు మాత్రం దీనికి వ్యతిరేకం. గోరువెచ్చని నీళ్ళు తగిలితేనే కరుగుతాయి.

తోమే ముందు తట్టల్లోని మెతుకులు, మిగిలిన ఊరిబిండి చెత్తబుట్టలోకి తోసేయండి. నూనె మూకుడును పాత పేపరుతో గట్టిగా తుడవండి. ఈ ఒక్క పని చేస్తే సబ్బు ఎంతో మిగులుతుంది. ఆ నూనెను సింకులో పోస్తే లోపల పేరుకొని పైపు మూసుకుపోతుంది, అదింకో తలనొప్పి.

ఇంక కొలత. ముగ్గురి తట్టలు, గ్లాసులు, కుక్కరు, ఒక కూర దబర, వీటికి ఒక టీ చెంచా లిక్విడు చాలు, అంటే 5 మిల్లీలీటర్లు. చిన్న గిన్నెలో రెండు గ్లాసుల నీళ్ళు పోసి అందులో కలపండి. స్పాంజిని అందులో ముంచి, రవ్వంత పిండి తోమండి. సీసాను నేరుగా స్పాంజి మీద పిండద్దు. ఒక్క నొక్కుకు ఎంత పడేది మీ చేతిలో ఉండదు, పడిందాంట్లో చాలావరకు మొదటి గిన్నెతోనే కొట్టుకుపోతుంది. వరసగా గ్లాసులు, తట్టలు, కూర గిన్నెలు, ఆఖరికి మూకుడు తోమాలి. మూకుడుతో మొదలుపెడితే దాని జిడ్డు అన్నిటికీ ఎక్కుతుంది.

మధ్యలో నురగ చచ్చిపోయి స్పాంజి జిగటగా తగిలితే ఆ నీళ్ళు జిడ్డుతో నిండిపోయినట్టు. వాటిలోనే ఇంకా సబ్బు పోసుకుంటూ పోకుండా పారబోసి, కొత్త నీళ్ళు, కొత్త చెంచా కలుపుకోండి. కోడికూర వండిన రోజు ఇట్ల రెండుసార్లు కలపాల్సొస్తుంది.

మన పక్క బోరు నీళ్ళు చాలా చోట్ల ఉప్పు నీళ్ళే. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం నురగను లేవనీయవు. నురగ లేదని జనం ఇంకా ఇంకా పోస్తారు, సీసాలు ఐపోయేది ఈడే. అర చెంచా జాస్తి వేస్తే సరిపోతుంది. ఇంకా మంచి దారి, సబ్బు కలిపే ఆ రెండు గ్లాసులు మటుకు కొళాయి మంచినీళ్ళు వాడి, సబ్బు కడిగెయ్యడానికి బోరు నీళ్ళు వాడండి. ఆరినాక గ్లాసుల మీద కనపడే తెల్ల మచ్చలు ఆ ఉప్పువే. పొడిగుడ్డతో వెంటనే తుడిస్తే మచ్చ పడదు. ముదిరిపోయినవాటికి నిమ్మచెక్క రుద్దండి.

సబ్బు జాస్తి అయితే డబ్బు దండగతోనే ఆగదు. కుక్కరు గాస్కెట్టు గాడిలో, మూత అంచుల్లో, టిఫిను డబ్బా మలుపుల్లో దాక్కుంటుంది. మరుసటి రోజు పాలు కాస్తే ఆ వాసన తగుల్తుంది. వేళ్ళ సందుల్లో చర్మం పగులుతుంది. ఎండాకాలంలో ట్యాంకరు నీళ్ళు కొని సబ్బు వదిలించడమంటే చెప్పక్కర్లేదు. అనుమానముంటే కడిగిన గ్లాసులో మూడో వంతు మంచినీళ్ళు పోసి, అరచెయ్యి మూసి ఆడించండి. నురగ నిలిచిందంటే ఇంకోసారి కడగాలి.

బిళ్ళ సబ్బు కొనుక్కుంటే చిల్లులున్న డబ్బాలో పెట్టండి. నీళ్ళలో నానితే ముద్దయి, స్పాంజికి కావలసినదానికన్నా ఎక్కువ ఎక్కుతుంది. పిండిన స్పాంజిని దానిమీద రెండు మూడు సార్లు రాస్తే చాలు. ఇనప దోసె పెనానికి అయితే రోజూ సబ్బు పెట్టద్దు, పట్టిన నూనె పూత పోయి దోసె అంటుకుంటుంది. వేడిగా ఉన్నప్పుడే తడిగుడ్డతో తుడిచి నూనె రాసి పెట్టండి.

సగం నీళ్ళు కలిపి సీసాలో నిల్వ పెట్టుకుందామని ఎవరైనా చెప్తే వినద్దు. చెడిపోకుండా అందులో వేసిన మందు కూడా పలచనవుతుంది, నాలుగు రోజులకు వాసనొస్తుంది. ఏ పూటకా పూట కలుపుకోండి. తోమడం అయినాక స్పాంజిని నీళ్ళలో పిండి, గాలి తగిలే చోట నిలబెట్టండి. అది ముక్కిపోయిన వాసనొస్తే మాత్రం ఉతికి వాడద్దు, పారెయ్యండి.

మీ అత్త