చెల్లదు అన్న మాట

ప్రశ్న: నేను 28 ఏళ్ల అమ్మాయిని. మాది ఒంగోలు. బెంగళూరులో ఉద్యోగం. నాలుగేళ్లుగా మారతహళ్లిలో ఒక అనంతపురం అమ్మాయితో కలిసి ఫ్లాట్‌లో ఉంటున్నాను. మా ఇద్దరినీ కలిపింది స్టార్ వార్స్ పిచ్చి. తను ఆ నవలలు చదువుతూ పెరిగింది. వాళ్ల అన్నయ్య ఇక్కడ ఇంజనీరింగ్ చదివేటప్పుడు చర్చ్ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్ పుస్తకాలు కొని సెలవులకి ఇంటికి తెచ్చేవాడట. ఆ నవలల్లో ల్యూక్, మారా జేడ్ భార్యాభర్తలు. ఆ జంటంటే తనకి ప్రాణం. నేను కొత్త సినిమాలు చూసి అభిమానినయ్యాను. నాకు వాటిలోని రే, బెన్ జంట ఇష్టం. ఆఖరి సినిమాలో బెన్ చనిపోతాడు. నేను రాసే ఫ్యాన్ ఫిక్షన్‌లో, అంటే ఆ సినిమా మనుషులతో సొంతంగా రాసుకునే కథల్లో, మాత్రం బతికే ఉంటాడు. రోజూ రాత్రి ఒక గంట రాస్తాను.

రెండు నెలల కిందట ఎవరి జంట గొప్ప అనే వాదన ముదిరింది. తను నా కథల్ని ‘లైసెన్సు లేని చెత్త’ అంది. ఇవి రాసుకుంటూ కూర్చునే వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొడుతున్నావంది. నాకు ఒళ్లు మండి, ‘మీ అన్నయ్య తెచ్చినవి చెల్లవని 2014లో కంపెనీవాళ్లే కొట్టేశారు. చెల్లని కాగితాలు పట్టుకుని ఏడుస్తావేం’ అన్నాను. అంతే, మాటలు ఆగిపోయాయి. ఆ తర్వాత మా అమ్మ ఫోన్‌లో అడిగితే నేను రాత్రుళ్లు ప్రేమకథలు రాస్తున్నానని తనే చెప్పేసింది. అమ్మకి టెన్షన్. రోజూ ఆరా తీస్తోంది. వచ్చే నెలతో ఇంటి అగ్రిమెంటు అయిపోతుంది. తను వేరే ఇల్లు చూసుకుంటోంది. నేనన్నది నిజమే కదా మేడమ్? కథల కోసం నాలుగేళ్ల స్నేహం వదులుకుంటారా?

ఇంకో మాట. వాళ్ల అన్నయ్య కులాంతర వివాహం చేసుకున్నాక వాళ్ల నాన్న ఇంటికి రానివ్వడం లేదు. ఆరేళ్లయింది. ఆయన చివరిసారి తెచ్చిన నవల తను ఇప్పటికీ తెరవలేదు. మారా చనిపోయేది అందులోనేనట.

జవాబు: ఏదో మర్చిపోయి చేర్చినట్టు చివర్లో నాలుగు వాక్యాలు రాశారు చూడండి, నేను చాలాసేపు వాటి దగ్గరే ఆగిపోయాను. మీ స్నేహితురాలు ఎందుకు మాట్లాడటం లేదో మీకు తెలుసనే నా నమ్మకం. తెలియకపోతే ఆ సంగతి రాసేవారు కాదు.

నేనన్నది నిజమే కదా అని అడిగారు. అక్కడి నుంచే మొదలుపెడదాం. ఈ నవలల సంగతి తెలియని పాఠకులు కూడా ఉంటారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

స్టార్ వార్స్ మొదటి సినిమా 1977లో వచ్చింది. 1983లో మూడో సినిమాతో ఆ కథ ఒక కొలిక్కి వచ్చింది. ఆ తర్వాత ఏం జరిగిందన్నది 1991లో టిమొతీ జాన్ అనే రచయిత, హక్కులున్న సంస్థ అనుమతితో, నవలగా రాశాడు. మారా జేడ్ పుట్టింది ఆ నవలలోనే. ఆ సినిమాల కథానాయకుడు ల్యూక్‌ని చంపాలన్న పంతంతో వచ్చిన మనిషి ఆమె. తర్వాత ఎందరో రచయితలు రాసిన పుస్తకాల్లో అతనికి స్నేహితురాలైంది, భార్య అయింది, ఒక కొడుక్కి తల్లి అయింది. 2007లో వచ్చిన నవలలో చనిపోయింది. అంటే ఆ పుస్తకాలు చదివినవాళ్లు పదహారేళ్లపాటు ఆమెతో ప్రయాణం చేశారు. మీ స్నేహితురాలు వాటిని పాత పుస్తకాలుగానే చదివినా, సెలవులకి సెలవులకి ఒక్కొక్కటిగా చదివింది. ఇంటి మనుషుల్లో ఒకరిగా మారాని ఎరుగును.

2012లో డిస్నీ ఆ సంస్థను కొంది. కొత్త సినిమాలు తీయాలి. నవలల్లో అప్పటికే ల్యూక్ పెళ్లీ, అతని సోదరి లేయాకి, ఆమె భర్త హాన్‌కి ముగ్గురు పిల్లలు పుట్టడమూ అన్నీ జరిగిపోయి ఉన్నాయి. వాటికి కట్టుబడితే సినిమా తీసేవాళ్ల చేతులు కట్టేసినట్టే. అందుకని 2014 ఏప్రిల్‌లో ఆ నవలలన్నిటికీ ‘లెజెండ్స్’ అని పేరు పెట్టి, అసలు కథలోంచి విడిగా ఉంచారు. అభిమానులు ‘కానన్’ అనే దాంట్లోంచి అవి బయటికి వెళ్లాయి. అంతవరకు మీరు చెప్పింది సరే. కానీ కొట్టేయలేదు. ఆ పేరుతోనే మళ్లీ అచ్చు వేశారు. పైగా ఆ 1991 నవలలోనే పుట్టిన థ్రాన్ అనే సేనాధిపతిని 2016లో టీవీ సిరీస్‌లోకి వాళ్లే తిరిగి తెచ్చుకున్నారు. చెల్లదన్నవాళ్లే అందులోంచి తమకి పనికొచ్చింది తీసుకున్నారన్నమాట.

ఇక మీ సంగతికి వస్తాను. 2019లో వచ్చిన సినిమా బెన్ చనిపోయాడని చెప్పింది. అది కంపెనీ మాటే, ముద్ర వేసిన మాటే. మీరు ఒప్పుకున్నారా? లేదు. అప్పటి నుంచి రోజుకో గంట కూర్చుని అతన్ని బతికిస్తున్నారు. ఆ గంట మీకు ఎంత ముఖ్యమో ఉత్తరంలోనే తెలుస్తోంది. కంపెనీ మాట మీ బెన్ విషయంలో చెల్లనప్పుడు, ఆమె మారా విషయంలో ఎలా చెల్లుతుందమ్మా? సినిమాలో హాన్, లేయాల కొడుకు పేరు బెన్. నవలల్లో ల్యూక్, మారాల కొడుకు పేరూ బెన్‌యే. ఇద్దరికీ ఒకే ముసలి గురువు పేరు పెట్టారు. మీరిద్దరూ ఒకే పేరున్న పిల్లవాడి కథలు పట్టుకుని పక్క పక్క గదుల్లో ఒకే పని చేస్తున్నారు. మీరు రాసి బెన్‌ని బతికించుకుంటున్నారు. తను పుస్తకం తెరవకుండా మారాని బతికించుకుంటోంది.

ఆ తెరవని పుస్తకం గురించి నేను ఊహించి చెప్పేది తప్పు కావచ్చు. కానీ ఒక అన్న చివరిసారి ఇంటికి వచ్చినప్పుడు తెచ్చిన పుస్తకాన్ని ఆరేళ్లుగా తెరవని పిల్లకి, అది చదవడమంటే ఏదో అయిపోయిందని ఒప్పుకోవడమే అనిపిస్తూ ఉండవచ్చు. ఇంటిపెద్ద ఆ అన్నని చెల్లడని తేల్చేశాడు. మీ నోట అదే మాట వచ్చింది. మీరు కంపెనీ గురించి అన్నారు. తనకి వాళ్ల నాన్న గొంతు వినిపించి ఉంటుంది. వాదనలో ఎన్నో అనొచ్చు. నవలలు బాగోలేవనొచ్చు, మారా కన్నా రే గొప్పదనొచ్చు, తను రెండు రోజులు మూతి ముడుచుకుని మూడో రోజు టీ పెట్టేది. మీరు అన్నయ్య పేరు ఎత్తారు. ఎక్కడ తగులుతుందో తెలిసి అన్నారు. నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకే అది తెలుస్తుంది.

అలాగని తప్పంతా మీదే అనను. మీరు రాసినదాన్ని చెత్త అనే హక్కు తనకి లేదు. లైసెన్సు ఉన్న నవలకీ మీ కథకీ తేడా అనుమతిలోనూ డబ్బులోనూ ఉంది. శ్రద్ధ ఎవరిది ఎక్కువో లైసెన్సు చెప్పదు. అభిమానులు తమంతట తాము కట్టుకుని, జీతం లేకుండా నడుపుకుంటున్న కథల భాండాగారం ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’కి 2019లో హ్యూగో అవార్డు వచ్చింది. సైన్స్ ఫిక్షన్‌లో అంతకన్నా పేరున్న అవార్డులు తక్కువ. ఈ సంగతి మీకు తెలిసే ఉంటుంది. తనకి వినిపించడానికి చెప్పడం లేదు, మీరు మనసులో కుంగిపోకుండా ఉండాలని చెబుతున్నాను.

ఈ విషయంలో నాకు సొంత బాధ ఒకటి ఉంది. తిరుపతిలో హాస్టల్లో ఉన్న రోజుల్లో వారపత్రిక సీరియల్ కోసం మేమంతా కాచుకుని ఉండేవాళ్లం. ఒక సీరియల్లో నాయిక పెళ్లి మాకెవరికీ నచ్చలేదు. నా పక్క మంచం అమ్మాయి ఆమెకి వేరే ముగింపు నోటుపుస్తకంలో రాసుకుంది. నేను అది తీసుకుని భోజనాల దగ్గర పైకి చదివాను. అందరూ నవ్వారు. ఆమె ఆ నోటుపుస్తకం మళ్లీ బయటికి తీయడం నేను చూడలేదు. చాలా ఏళ్ల తర్వాత వాళ్లింటికి వెళ్లి తప్పయిందని చెప్పాను. ‘నాకు గుర్తే లేదే’ అంది. గుర్తుందని ఆమె ముఖం చెప్పింది. అంతకాలం ఆలస్యం చేసినందుకు ఇప్పటికీ బాధపడతాను. అందుకే మిమ్మల్ని తొందరపెడుతున్నాను. అగ్రిమెంటు గడువు అయ్యేదాకా ఆగకండి.

వాట్సాప్‌లో పెద్ద మెసేజ్ పెట్టకండి. ఒకే ఇంట్లో ఉన్నారు, ఎదురుగా చెప్పండి. ఆదివారం పొద్దున్న ఇద్దరికీ తీరికగా ఉన్నప్పుడు, తలుపు దగ్గర నిలబడి చెప్పినా చాలు. ‘నీ పుస్తకాలు చెల్లవన్నాను. మీ అన్నయ్య పేరు ఎత్తాను. నీకు ఎక్కడ తగులుతుందో తెలిసే అన్నాను. తప్పు చేశాను.’ ఇంతే. ‘కానీ నువ్వు కూడా’ అన్న మాట నోటి దాకా వస్తుంది, ఆపుకోండి. 2014, లెజెండ్స్, బెన్ పేరు, నేను పైన రాసినదేదీ అప్పుడు వద్దు. అవి మీరు ఆలోచించుకోవడానికి. తను ఏమీ అనకపోవచ్చు. ఏడవొచ్చు, లోపలికి వెళ్లి తలుపు వేసుకోవచ్చు. వెంట వెళ్లకండి. వాళ్ల అన్నయ్యకి ఫోన్ చేసి మధ్యలోకి తీసుకురావాలని అస్సలు చూడకండి. ఆ ఇంటి గొడవ మీరు తీర్చగలిగేది కాదు, తను అడగలేదు కూడా.

మీ అమ్మగారికి చెప్పేయడం తను చేసిన తప్పే. చిన్నదేం కాదు. ఆ కోపం మీకు ఉండాలి. కాకపోతే క్షమాపణ అడిగిన రోజే దాన్ని తీయకండి. ఓ వారం పోయాక విడిగా చెప్పండి: ‘మా అమ్మకి నువ్వు చెప్పడం నాకు నచ్చలేదు, ఇంకెప్పుడూ అలా చేయకు.’ రెండూ ఒకే రోజు మాట్లాడితే బేరంలా తయారవుతుంది.

సంబంధాల గురించి తనన్న మాట మీకు ఎక్కువగా తగిలినట్టుంది. ఎన్ని సంబంధాలు వచ్చాయో, ఎందుకు వద్దన్నారో మీరు రాయలేదు. అందుకని ఏ తీర్పూ చెప్పను. ఒక్కటి అడుగుతాను, జవాబు మీకు మీరే చెప్పుకోండి. వచ్చినవాళ్లు నచ్చక వద్దన్నారా, లేక అసలు ఇప్పుడు పెళ్లే వద్దనుకుంటూ ఒక్కొక్కరిలో లోపం వెతికారా? రెండోదైతే ఆ మాట అమ్మానాన్నలకి సూటిగా చెప్పే వయసు మీది. వాళ్లూ ప్రతివారం మ్యాట్రిమొనీ ఫోటోలు వెతుక్కునే శ్రమ తప్పుతుంది. మీ కథల్లో ప్రేమకి, మీరు కోరుకునే తోడుకి సంబంధం ఉన్నా సిగ్గుపడాల్సింది లేదు. ఎలాంటి మనిషి పక్కన ఉంటే మీకు ఊపిరాడుతుందో రాస్తూ తెలుసుకుంటున్నారేమో. పెళ్లిచూపుల్లో అరగంట కూర్చుంటే అంత తెలియదు.

అమ్మగారి టెన్షన్ మాత్రం మీరే తీర్చాలి. రాత్రుళ్లు ప్రేమకథలు అనగానే ఆవిడ ఎవరో అబ్బాయి ఉన్నాడని అనుకుంటున్నారు. పిల్ల దూరంగా ఉన్న ఏ తల్లయినా అలాగే అనుకుంటుంది. మీరు దాచేకొద్దీ ఆ అబ్బాయికి ఆవిడ మనసులో మీసాలు మొలుస్తాయి. ఫోన్‌లో కుదరదు. ఈసారి ఒంగోలు వెళ్లినప్పుడు వంటింట్లో పక్కన కూర్చుని చెప్పండి. ఫ్యాన్ ఫిక్షన్ అన్న పదం వాడాల్సిన పని లేదు. శశిరేఖ గురించి అడగండి. బలరాముడి కూతురు శశిరేఖ, అభిమన్యుడితో ఆమె పెళ్లి వ్యాసభారతంలో లేవు. అక్కడ అభిమన్యుడి పెళ్లి ఉత్తరతోనే. ఎప్పుడో ఎవరికో ఆ కుర్రాడికి ఒక మేనమామ కూతురు ఉంటే బాగుండుననిపించింది. ఆ కథ చేతులు మారుతూ వచ్చింది. 1957లో మాయాబజార్ సినిమాగా చూశాక శశిరేఖ లేదంటే నమ్మే తెలుగువాళ్లు ఎంతమంది? నేనూ అలాంటి పనే చేస్తున్నానమ్మా, ఇంకొకరి కథలో మనుషుల్ని తీసుకుని నాకు కావలసింది రాస్తున్నాను అని చెప్పండి. ఆవిడ పాత సీరియల్స్ చదివిన తరం మనిషైతే మీరు అనుకున్నదానికన్నా త్వరగా అర్థం చేసుకుంటారు. ఒక కథ తెలుగులో చెప్పి వినిపించండి. బెన్ ఎందుకు చావకూడదో ఆవిడే అడిగినా అడుగుతారు.

ఇల్లు మారడం గురించి. తను వెళ్లాలనుకుంటే వెళ్లనివ్వండి. క్షమాపణ అడిగాను కదా, ఇంకా ఎందుకు వెళ్తున్నావని అనకండి. తనని ఆపడానికే అడిగారని అనుకుంటుంది. వేరే వేరే ఇళ్లలో ఉంటూ నెలకోసారి కలిసే స్నేహాలు కూడా గట్టిగానే ఉంటాయి. అడ్వాన్సు డబ్బుల లెక్క ముందే కాగితం మీద రాసుకోండి, ఎవరి వాటా ఎంత, ఓనర్ పెయింటింగ్‌కి పట్టుకునేది ఎవరి ఖాతాలోకి అని. ఈ ఊళ్లో చాలా స్నేహాలు అక్కడ కూడా చెడతాయి.

సామాన్లు సర్దేటప్పుడు వంటింటి గిన్నెలు, గ్యాస్ స్టవ్ మీరు సర్దండి. ఆ నవలల అల్మరా మాత్రం తననే సర్దుకోనివ్వండి. మీరు చేయి వేయకండి. అట్టపెట్టె మీద టేప్ వేయడానికి పట్టుకోమని తనే పిలిస్తే, వెళ్లి పట్టుకోండి.