తవ్వకాల్లో నగరం దొరికితే ఇతిహాసం నిజమైనట్టేనా?

కాదు. స్థలం, సంఘటన, వ్యక్తి: ఒక్కోదానికీ విడిగా సాక్ష్యం కావాలి. 1873లో జర్మన్ పురావస్తు అన్వేషకుడు ష్లీమన్ టర్కీలోని హిసార్లిక్ దిబ్బలో బంగారు నగలు తవ్వి తీసి, ఇవి గ్రీకు ఇతిహాసంలోని ట్రాయ్ రాజు ప్రియామ్‌వేనని ప్రకటించేశాడు. తీరా చూస్తే ఆ నగలు దొరికిన పొర, ఆ ఇతిహాసం చెప్పే ట్రోజన్ యుద్ధం జరిగిందనుకునే కాలం కంటే వెయ్యేళ్లకు పైగా పాతది! ఊరు మాత్రం ట్రాయే అని ఇప్పుడు ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు.

మన హస్తినాపురం సంగతి ఇంకా ఆసక్తికరం. 1950-52 తవ్వకాల్లో పురావస్తు శాస్త్రవేత్త బి.బి.లాల్‌కు గంగ వరద ఆనవాళ్లు కనిపించాయి. వరద వల్లే రాజధాని కౌశాంబికి మారిందని పురాణాలూ చెబుతాయి. నా దృష్టిలో ఇది కొట్టిపారేయదగ్గ పోలిక కాదు. కానీ అక్కడి బూడిదరంగు కుండపెంకుల మీద పాండవుల పేర్లేమీ లేవు.