0.91 కారట్ రాయికి కారట్ ధర ఎందుకు ఎక్కువ?

ప్రశ్న: వచ్చే ఫిబ్రవరికి మా పెళ్లయి పాతికేళ్లు నిండుతాయి. నా భార్యకు ఒంటిరాయి వజ్రపుటుంగరం చేయించాలని విజయవాడలో రెండు దుకాణాలు తిరిగాను. ఒకచోట 1.01 కారట్ల గుండ్రని రాయికి కారట్ రూ.2,92,000 చొప్పున రూ.2,94,920 చెప్పారు. రెండోచోట 0.91 కారట్ రాయికి కారట్ రూ.2,98,000 చొప్పున రూ.2,71,180 అన్నారు. రెండూ రంగులో హెచ్ శ్రేణి, స్వచ్ఛతలో వీఎస్2 శ్రేణి, రెండింటికీ జీఐఏ (వజ్రాలను పరీక్షించి శ్రేణి ఇచ్చే అమెరికా సంస్థ) సర్టిఫికెట్ ఉంది, నకళ్లు జతచేశాను. చిన్న రాయికి కారట్ ధర ఎక్కువ ఎందుకు? బంగారంలాగే ఇదీ ఆస్తే కదా అని మా అబ్బాయి ఇంజినీరింగ్ ఫీజు కోసం దాచిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోంచి మూడు లక్షలు తీద్దామనుకుంటున్నాను. సరైన నిర్ణయమేనా?

జవాబు: మీరు పంపిన సర్టిఫికెట్లలోనే మీ మొదటి ప్రశ్నకు జవాబుంది. మీరు రాయని వివరం ఒకటి వాటిలో కనిపిస్తోంది: కట్, అంటే సాన పట్టిన తీరు. 0.91 రాయికి ఆ వరుసలో ‘ఎక్సలెంట్’ అనీ, 1.01 రాయికి ‘గుడ్’ అనీ ఉంది. ‘గుడ్’ అనగానే బాగుందనే అర్థం తీసుకుంటాం గాని, జీఐఏ 2006 నుంచి గుండ్రని రాళ్ల సానకు ఇస్తున్న అయిదు శ్రేణుల్లో అది మూడోది. దానిపైన ‘వెరీ గుడ్’, ఆపైన ‘ఎక్సలెంట్’ ఉన్నాయి. రంగు, స్వచ్ఛత భూమిలోంచే వస్తాయి. సాన ఒక్కటే మనిషి చేతిపని, రాయి మెరుపు ప్రధానంగా దాని మీదే ఆధారపడుతుంది.

ఇప్పుడు రెండు సర్టిఫికెట్లనూ పక్కపక్కన పెట్టి కొలతల వరుస చూడండి. 1.01 కారట్ల రాయి వ్యాసం 6.27 మిల్లీమీటర్లు, 0.91 రాయిది 6.24. తేడా 0.03 మిల్లీమీటర్లు మాత్రమే కాబట్టి, ఉంగరంలో పొదిగాక ఏది పెద్దదో కంటితో ఎవరూ చెప్పలేరు. మరి ఆ పది సెంట్ల (కారట్‌లో నూరో వంతు ఒక సెంటు) బరువు, అంటే 20 మిల్లీగ్రాములు, ఎక్కడికి పోయింది? లోతులోకి పోయింది. వ్యాసంతో పోల్చితే మొదటి రాయి లోతు 65.1 శాతం, రెండోదానిది 61.5 శాతం. పైభాగం కోణం మొదటిదానికి 36.5 డిగ్రీలు, రెండోదానికి 34.5, అడుగుభాగం కోణం మొదటిదానికి 41.6, రెండోదానికి 40.8. మొదటి రాయిలో పైనా కిందా రెండు కోణాలూ నిటారుగా ఉన్నాయి, పైభాగం, అడుగుభాగం కలిసే నడుము అంచు కూడా మందంగా ఉంది. పైనుంచి లోపలికి వెళ్లిన వెలుతురు అడుగు ముఖాల మీద తగిలి తిరిగి మన కంటివైపు రావలసింది పోయి, కొంత పక్కలకూ కిందికీ జారిపోతుంది. మీరు అదనంగా చెల్లించబోయే రూ.23,740 పైకి కనిపించని ఆ బరువుకు, తగ్గిన మెరుపుకు.

సాన పట్టేవారు తెలియక ఇలా చేయరు. వజ్రాల ధర బరువుతో సమానంగా పెరగదు. 50 సెంట్లు, 70 సెంట్లు, 90 సెంట్లు, ఒక కారట్ దగ్గర మెట్టుమెట్టుగా ఎగబాకుతుంది. ముడి రాయిని సరైన కోణాల్లో కోస్తే 95 సెంట్లే వచ్చేటట్లుంటే, అడుగున కాస్త బరువు మిగిల్చి కారట్ దాటించడం సూరత్‌లో సాన పట్టించే వ్యాపారికి లాభసాటి. అందుకే ఒక కారట్‌కు సరిగ్గా అటూ ఇటూగా ఉన్న రాళ్లను నేను ప్రత్యేకంగా శ్రద్ధపెట్టి చూడమంటాను. మామూలుగా 90 సెంట్ల మెట్టు మీది రాయికి కారట్ ధర ఒక కారట్ రాయికన్నా తక్కువే ఉండాలి. మీకు చెప్పిన ధరల్లో అది తలకిందులు కావడానికి కారణం సానలోని తేడాయే. అయినా రెండో దుకాణంవారిని ధర గురించి అడగడానికి సంకోచించకండి. రంగు, స్వచ్ఛత, సాన, బరువు నాలుగూ సరిపోయే రాళ్ల ధరలు కనీసం మరో రెండుచోట్ల రాసుకుని వెళ్లి అడిగితే మాటకు బలం ఉంటుంది.

‘ఎక్సలెంట్’ అన్న పదంతో కూడా ఆగిపోవద్దని నా మనవి, ఎందుకంటే ఆ శ్రేణి చాలా విశాలమైనది. వ్యాసంతో పోల్చితే పై పలక (రాయి పైనున్న చదునైన ముఖం) 54 నుంచి 58 శాతం, లోతు 60 నుంచి 62.5 శాతం, పైకోణం 34 నుంచి 35 డిగ్రీలు, అడుగుకోణం 40.6 నుంచి 41 డిగ్రీల మధ్య ఉంటే నిశ్చింతగా ముందుకు వెళ్లవచ్చు. మీ 0.91 రాయి ఈ హద్దుల్లోనే ఉంది. తరవాత కంటితో చూడాలి. దుకాణంలో గల్లా మీద వేలాడే చిన్న దీపాల కింద ఏ రాయైనా మెరుస్తుంది కనుక, ట్రేను కిటికీ దగ్గరికి తెమ్మని అడగండి, లేదా మీ అరచేతి నీడలో పెట్టి చూడండి. మంచి సాన రాయి ఆ మసక వెలుతురులోనూ అంచు నుంచి అంచు దాకా వెలుగుతుంది. లోతు రాయి నడుమ నల్లబడుతుంది. నడుము అంచు మీద లేజర్‌తో చెక్కిన నంబరును భూతద్దంలో మీరే చదివి, సర్టిఫికెట్ నంబరుతోనూ జీఐఏ వెబ్‌సైట్‌లోని వివరాలతోనూ సరిచూసుకోండి.

హెచ్ రంగు గురించి దిగులు అక్కరలేదు. పసుపు బంగారంలో పొదిగితే ఆ లేత ఛాయ తెలియనే తెలియదు. మన దుకాణాల్లో ఇంకా పై శ్రేణులైన ఈఎఫ్ రంగు, వీవీఎస్ స్వచ్ఛత తప్ప మరొకటి కొనకూడదన్నట్లు చెప్పే అలవాటుంది గాని, ఆ డబ్బు సాన మీద పెట్టడం మేలు.

ఇక మీ రెండో ప్రశ్నకు నా జవాబు స్పష్టంగా, కాదు. రెండేళ్ల కిందట నా దగ్గరికి వచ్చే ఒక కుటుంబం ఆసుపత్రి ఖర్చు కోసం రవ్వల దుద్దులు తాకట్టు పెట్టడానికి బ్యాంకుకు వెళ్లింది. అప్రైజరు దుద్దులు తూచి, రాళ్ల బరువు తీసేసి, మిగిలిన కొద్ది గ్రాముల బంగారానికే విలువ కట్టారు. దుద్దుల ధరలో ముప్పాతిక వంతు రాళ్లదే. ఆ రాళ్ల మీద రూపాయి అప్పు పుట్టలేదు. బంగారానికి రోజూ పలికే ధర ఉంది, వజ్రానికి లేదు. అమ్మబోతే కొన్న దుకాణమే దిక్కు. కాబట్టి ఉంగరం ఖర్చు పద్దులోకి రావాలి. అబ్బాయి ఫీజు డిపాజిట్‌ను గడువుకు ముందే తీస్తే వడ్డీలో కోత కూడా పడుతుంది. ఫిబ్రవరి లోపు జీతంలోంచి, బోనస్‌లోంచి ఎంత కూడితే అంతే మీ బడ్జెట్ అనుకోండి. అది లక్షన్నర అయితే ఇదే సానలో యాభై, అరవై సెంట్ల రాయి చూడండి. పాతికేళ్లు మీతో నడిచిన మనిషి వేలికి అది చిన్నది కాదు. ప్రయోగశాలలో పెంచిన వజ్రం చాలా తక్కువకు వస్తుంది, అదీ వజ్రమే. అయితే వాటి ధరలు కొన్నేళ్లుగా బాగా పడిపోయాయి గనుక తిరిగి అమ్మే ఆశ పెట్టుకోకుండా కొనాలి.

బిల్లులో రాయి ధర, బంగారం నికర బరువు, మజూరీ విడివిడిగా ఉండాలి. రాయి బరువు బంగారంలో కలిసిపోకూడదు; 0.91 కారట్ అంటే 0.182 గ్రాములు. ఉంగరం లోపలివైపు హాల్‌మార్క్ పక్కన అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ చూసుకోండి. విడి రాయి మీద జీఎస్టీ 1.5 శాతం, ఆభరణంగా కొంటే మొత్తం మీద 3 శాతం. రెండు లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ ఇవ్వాలి, అంత మొత్తాన్ని నగదుగా తీసుకోవడం చట్టం ఒప్పుకోదు కనుక చెల్లింపు బ్యాంకు ద్వారానే చేయండి. చివరిగా, తిరిగి కొనేటప్పుడు ఎంత శాతం ఇస్తారు, ఆ శాతం బిల్లు ధర మీదా ఆనాటి ధర మీదా, డబ్బు ఇస్తారా మార్పిడికే పరిమితమా అన్న మూడు సంగతులూ బిల్లు మీదే రాయించుకుని, సంతకం, ముద్ర వేయించుకోండి.