బొమ్మలు ఎక్కువైతే పాఠం బుర్రకెక్కుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి, తెలుగు మీడియం. బయాలజీ పాఠాలు ఫోన్లో చదువుతోంది. రంగుల బొమ్మలు, యానిమేషన్లు బ్రహ్మాండంగా ఉంటాయి. తర్వాత అడిగితే మాత్రం బొమ్మ గుర్తుంటోంది, విషయం చెప్పలేకపోతోంది. టెక్స్ట్‌బుక్ చదివితే కాస్త నయం. ఫోన్ మాన్పించేయాలా?
– ఓ తల్లి, నల్గొండ

జవాబు: మాన్పించక్కర్లేదండీ. ముందు ఆ బొమ్మలు ఏం పని చేస్తున్నాయో చూడండి. అమెరికాలో హార్ప్, మేయర్ అనే పరిశోధకులు 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, మెరుపు ఎలా పుడుతుందో చెప్పే పాఠాన్ని కొందరికి మామూలుగా, మరికొందరికి పిడుగుపాట్ల ఫొటోలు, కబుర్లు జోడించి ఇచ్చారు. అవి జోడించిన పాఠం చదివినవాళ్లకే అసలు విషయం తక్కువ గుర్తుంది!

అలాగని బొమ్మలే వద్దనుకోకండి. ‘ప్రసరణ’ పాఠంలో గుండె బొమ్మనే తీసుకోండి. కుడి కర్ణిక అని బొమ్మ మీదే రాసి, అక్కణ్ణించి కుడి జఠరికకు ఒక బాణం, అక్కణ్ణించి పుపుస ధమనిలోకి ఇంకో బాణం గీస్తే చూపు రక్తంతో పాటే నడుస్తుంది. అదే బొమ్మ మీద 1, 2, 3 అని అంకెలు వేసి పేర్లు ఎక్కడో కింద ఇస్తే, స్క్రోల్ చేసి పేరు చూసుకుని పైకొచ్చేసరికి 3 దేనికి వేశారో మర్చిపోతాం. ఇక పక్కన లబ్‌డబ్ అంటూ ఎగిరే గుండె స్టిక్కర్ వల్ల ఒరిగేదేమీ లేదు, కన్ను అటు లాగడం తప్ప.

తెలుగుకి ఇంకో ఇబ్బంది ఉంది, దీన్ని చాలామంది యాప్‌లు చేసేవాళ్లు పట్టించుకోకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. మన అక్షరాలకు పైన గుడి, కింద వత్తు. ఇంగ్లిష్‌కి సరిపోయిన లైన్ స్పేసింగే తెలుగుకీ పెట్టేస్తే పై వరసలో ‘రాష్ట్రం’ వత్తులు కింది వరసలో గుడులకు తగులుతాయి, పిల్లలు అర్థం సంగతి వదిలి అక్షరాలు కూడబలుక్కోవాల్సి వస్తుంది. పాఠం వెబ్‌సైట్‌లో ఉంటే, కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లోని రీడర్ వ్యూలో (హంగులు తీసేసి పాఠాన్ని మాత్రమే చూపించే పద్ధతి) తెరిచి వరసల మధ్య దూరం పెంచండి.

టెక్స్ట్‌బుక్ నయమన్నారు చూడండి, అది మీ అమ్మాయి ఒక్కదాని సంగతే కాదు. 54 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి పరిశోధనలో, ఇలాంటి సమాచార పాఠాలకు, ముఖ్యంగా టైమ్ పెట్టుకుని చదివేటప్పుడు, కాగితమే మేలని తేలింది. కాబట్టి పరీక్షల ముందు రివిజన్ పుస్తకంలోనే చేయించండి. ఫోన్లో చదివిన రోజు మాత్రం తెల్లకాగితం ఇచ్చి, చూడకుండా గుండె గీసి బాణాలు పెట్టమనండి, ఎక్కడ ఆగిపోతే ఆ పేరా ఒక్కటీ మళ్లీ చదివిస్తే చాలు.